వలస పిల్లలకు 75 శాతం హాజరు షరతు ఉండాలా, తీసేయాలా?

ఎమ్మిగనూరు టీచర్:
బడికెళ్లే పిల్లల తల్లులకు ఏటా ఇచ్చే తల్లికి వందనం డబ్బు రావాలంటే పిల్లల హాజరు 75 శాతం ఉండాలి. అమ్మఒడి రోజుల నుంచీ ఉన్న ఈ షరతును వలస కుటుంబాలకు తీసేయాలని కొందరు అడుగుతున్నారు. నేను ఒప్పుకోను. దసరా దాటాక కోసిగి, మంత్రాలయం పల్లెల నుంచి గుంటూరు మిరప చేలకు బండ్లు కదులుతాయి. ఉగాదికి తిరిగొచ్చిన పిల్లకు భాగహారం గుర్తుండదు. షరతు కూడా లేకపోతే ఇంక ఆపేదేముంది?

కోసిగి కుర్రోడు:
మేడమ్, కూలీల్ని తీసుకెళ్లే మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకున్నవాళ్లు 13 వేల కోసం వలస మానుకుంటారా?

ఎమ్మిగనూరు టీచర్:
13 కాదు, 15 వేలు.

దారినపోయేవాడు:
2025 జూన్‌లో తల్లుల ఖాతాలో పడింది 13 వేలే. 2 వేలు బడి నిర్వహణకు పట్టుకున్నారు.

ఎమ్మిగనూరు టీచర్:
అదీ పిల్లల కోసమే కదా! పథకం విలువ 15 వేలే.

గుంటూరు రైతుబిడ్డ:
మేం పిల్లల్ని పనికి రమ్మనం. కోత కూలి కిలోల లెక్కన ఇస్తాం. ఎవరు ఎంత కోశారో మాకేం తెలుసు?

కోసిగి కుర్రోడు:
తెలియకపోవడమేంటన్నా? కిలోల లెక్క కాబట్టే పిల్లల చేతులూ కావాలి. నేను కోసిన కాయ మా అమ్మ గోతంలో పడేది, తూకం ఆమె పేరున రాసేవాళ్లు. కారం చేతులు కళ్లకు తగిలి రాత్రంతా మంట. కూలీల లెక్కలో నేను లేను, బడిలో మాత్రం గైర్హాజరు. తిరిగొచ్చేసరికి పేరు కొట్టేశారు. మళ్లీ చేర్చుకోమంటే హెడ్మాస్టరు గేటు దగ్గరి నుంచే పంపేశాడు. మీరు షరతు గురించి మాట్లాడుతున్నారు!

ఎమ్మిగనూరు టీచర్:
మీకు జరిగింది అన్యాయమే. కానీ వలస వెళ్లినవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోడానికి సీజనల్ హాస్టళ్లు ఉన్నది ఎందుకు? అక్కడ వదిలి వెళ్లొచ్చుగా. కన్నవాళ్లకు బాధ్యత లేదా?

ఇద్దరు పిల్లల తల్లి:
మా ఊళ్లో హాస్టలంటే బడి గదిలోనే పడక. రాత్రిపూట ఆడమనిషి తోడుండదు. పన్నెండేళ్ల పిల్లను ఎట్లా వదలాలి మేడమ్? పైగా నేను కోతకు వంగితే చంటోణ్ని చూసేది అదే. బాధ్యత లేదనొద్దు, కడుపు మండుతుంది.

ఎమ్మిగనూరు టీచర్:
మీ మీద నాకు కోపం లేదమ్మా. కానీ ఆ పిల్ల చేసేదీ పనే. బాలకార్మికుల్ని బడికి పంపే ఎం.వి. ఫౌండేషన్ అనే సంస్థ రంగారెడ్డి జిల్లాలో దశాబ్దాలుగా చెప్పింది అదే: బడి బయట ఉన్న ప్రతి బిడ్డా బాలకార్మికుల లెక్కే. ఇంటి అవసరమని మనం ఒప్పుకుంటే ప్రతిసారీ ఆగేది ఆడపిల్ల చదువే.

కోసిగి కుర్రోడు:
ఆ సంస్థ పిల్లల్ని బ్రిడ్జి క్యాంపుల్లో ఉంచి, చదివించి, వయసుకు తగ్గ క్లాసులో చేర్పించింది. తల్లికి వచ్చే డబ్బు ఆపలేదు కదా. మీరు అడగాల్సింది దసరాకు ముందే హాస్టల్, అందులో ఆడ వార్డెన్, చేల దగ్గర చంటిపిల్లలకు ఒక ఆయా. అవి ఇచ్చాక షరతు పెట్టండి, నేనే మా ఊళ్లో ఇంటింటికీ తిరిగి చెప్తాను.

ఎమ్మిగనూరు టీచర్:
వార్డెన్ గురించి మండలంలో అడుగుతాను. షరతు మాత్రం ఉండాల్సిందే.