టర్రెట్ ప్రెస్ ఏది తీసుకోవాలి? (9 ఎంఎం, .38 స్పెషల్)

పవన్_హన్మకొండ (డాలస్):
అందరికీ నమస్తే. మాది హన్మకొండ, ఉద్యోగం డాలస్‌లో. రేంజ్‌లో 9 ఎంఎం, .38 స్పెషల్ రెండూ వాడుతున్నా. తూటాల ఖర్చు భరించలేక ఇంట్లోనే రీలోడింగ్ (కాల్చిన తూటా ఖాళీ కేసులో కొత్త ప్రైమర్, అంటే నిప్పు రగిలించే చిన్న టోపీ, తుపాకి మందు, బుల్లెట్ పెట్టి మళ్లీ తూటా చేసుకోవడం) మొదలుపెడదామనుకుంటున్నా. లీ క్లాసిక్ టర్రెట్, లైమన్ ఆల్ అమెరికన్ 8, రెడ్డింగ్ టీ-7, ఈ మూడు టర్రెట్ ప్రెస్‌లు (డైలు, అంటే కేసును తూటాగా మలిచే అచ్చులు, బిగించిన తల తిరిగే యంత్రాలు) చూసిపెట్టుకున్నా. ఉండేది అపార్ట్‌మెంట్, బల్ల చిన్నది. రేపు .308 (రైఫిల్ తూటా) కూడా చేయాలంటే అదే ప్రెస్ పనికొస్తుందా?

శేఖర్_కాజీపేట (హ్యూస్టన్):
తమ్మీ, కళ్లు మూసుకుని లీ క్లాసిక్ టర్రెట్ తీసుకో. నాలుగు డైలు, ఆటో ఇండెక్స్. హ్యాండిల్ ఒకసారి లాగి వదిలితే తల తిరిగి తర్వాతి డై వస్తుంది. నాలుగు సార్లు లాగితే ఒక తూటా పూర్తి. మొదటి నుంచి చివరిదాకా ఒకే కేసు నీ కళ్ల ముందుంటుంది. మిగతా రెండింటిలో తల చేత్తో తిప్పుకోవాలి. 9 ఎంఎంకి ఒక డిస్క్ (డైలు బిగించే పలక), .38కి ఒక డిస్క్ సెట్ చేసి పెట్టుకుంటే మార్చడం నిమిషం పని.

రవి_కరీంనగర్ (ఫీనిక్స్):
ఆటో ఇండెక్స్ గురించి ఒకవైపే చెప్తే ఎట్ల శేఖరన్నా? నా పాత ప్రెస్‌లో (కంపెనీ పేరు వద్దు) లోపలి ప్లాస్టిక్ రాచెట్ (తలను తిప్పే ముక్క) అరిగి, తల సగం తిరిగి ఆగిపోయేది. కేసు అంచు డైకి కొట్టుకుని నలిగేది. హ్యాండిల్ సగంలో ఉండగా డిస్క్‌ను చేత్తో వెనక్కి తిప్పితే ఆ ముక్క పోయినట్టే. కొత్తగా నేర్చుకునేవాళ్లకు సింగిల్ స్టేజే (ఒక్క డై మాత్రమే పట్టే ప్రెస్) మంచిది. యాభై కేసులు ట్రేలో పెట్టి, మందు పోశాక టార్చ్ వేసి అన్నీ చూసుకోవచ్చు.

శేఖర్_కాజీపేట (హ్యూస్టన్):
ఆ ముక్క మార్చడం పెద్ద పనా? ట్రేలో యాభై కేసులుంటేనే ఒకదాంట్లో రెండుసార్లు మందు పడే ప్రమాదం ఎక్కువ. టర్రెట్‌లో ఉండేది ఒక్క కేసే.

రవి_కరీంనగర్ (ఫీనిక్స్):
ఉన్నది ఒక్కటే అయినా హ్యాండిల్ పూర్తిగా వెనక్కి పోనివ్వకుండా మళ్లీ లాగితే తల తిరగదు, అదే కేసులో రెండోసారి మందు పడుతుంది. పవన్ వాడేది .38 స్పెషల్. 1898లో పాతకాలపు నల్ల తుపాకిమందు (బ్లాక్ పౌడర్) రోజుల్లో పుట్టిన కేసు అది, లోపల చోటెక్కువ. ఈ కాలం మందు రెండింతలు పడినా పైకి పొంగదు, కంటికి ఆనదు. రివాల్వర్ పగిలితే పోయేది చెయ్యి. నేను చెప్పేది అంతే, దీనికి కోపమెందుకు?

శేఖర్_కాజీపేట (హ్యూస్టన్):
కోపం కాదు. ప్రెస్ ఏదైనా, బుల్లెట్ పెట్టేముందు ప్రతి కేసులోకీ తొంగి చూడాల్సిందే. బల్ల మీద లైట్ పెట్టుకో పవన్. మందు అసలే పడకపోయినా ప్రమాదమే. ప్రైమర్ ఒక్కటే పేలి బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుంటుంది, వెనకే ఇంకోటి కాల్చావంటే తుపాకి పోతుంది. చప్పుడు తేడాగా వస్తే అక్కడే ఆపెయ్.

లేత్_సాంబయ్య (వరంగల్):
నేను తుపాకి పట్టినవాణ్ణి కాదు. కానీ టర్రెట్ లేత్ మీద జీవితమంతా పనిచేసినోణ్ణి, మా నాయన ఆజంజాహీ మిల్లు వర్క్‌షాపులో ఫిట్టర్. తల తిరిగే మెషీన్ ఏదైనా ప్లే (కాస్త వదులు) ఉంటుంది. ర్యామ్ (కేసును పైకి నెట్టే కడ్డీ) పైకొచ్చి డైకి ఒత్తినప్పుడు తల వెంట్రుకవాసి లేస్తుంది. ప్రతిసారీ అంతే లేస్తే నష్టం లేదు, కొలత ఒకేలా వస్తుంది. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ లేస్తేనే తూటా పొడవు తేడా వస్తుంది. బాబూ, కొనేముందు తల కింద వెనకవైపు సపోర్టు ఉందో లేదో చూడు. డై పెట్టి, ర్యామ్ పైకి లేపి, డయల్ గేజ్ ఆనించి చూడు. పేపర్ మీద కంపెనీ రాసింది కాదు, గేజ్ చెప్పిందే లెక్క.

కిరణ్_నర్సంపేట:
పవనన్నా, సంక్రాంతికి వస్తున్నావు కదా. నాకూ ఒక ప్రెస్ సూట్‌కేసులో పట్టుకురా. మా బాబాయికి 12 బోర్ లైసెన్సుంది, ఇక్కడ తూటాలు అడిగినన్ని దొరకవు.

సుబేదారి_రిటైర్డ్:
కిరణ్, ఈ ఆలోచన ఇక్కడే ఆపు. తుపాకికి లైసెన్సుంటే ఇంట్లో తూటా చేసుకోవచ్చని కాదు. ఆయుధాల చట్టం 1959లో 5వ సెక్షన్ ప్రకారం తూటాల తయారీకి వేరే లైసెన్సు ఉండాలి. లేకుండా చేస్తే 25వ సెక్షన్ కింద జైలు. ఆర్మరీలో పనిచేసినవాణ్ణి, ఉన్నది ఉన్నట్టు చెప్తున్నా.

కిరణ్_నర్సంపేట:
ప్రెస్ అంటే ఇనుప సామానే కదా సార్, అందులో మందు లేదుగా.

సుబేదారి_రిటైర్డ్:
మరి దాంతో ఏం చేస్తావు? మామిడికాయ పచ్చడి పెట్టవు కదా. మందు, ప్రైమర్లు విమానంలో చేతి సంచిలోనే కాదు, పెద్ద బ్యాగులోనూ పెట్టనివ్వరు. బాబాయి తూటాలు లైసెన్సున్న షాపులోనే కొనాలి, ఎన్ని కొనవచ్చో లైసెన్సు బుక్‌లోనే రాసి ఉంటుంది. నీకు షూటింగ్ మీద ఇష్టముంటే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ నేర్చుకో. గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం తెచ్చింది దాంట్లోనే. పెల్లెట్లు కొనుక్కోవడమే, రీలోడింగ్ గొడవే లేదు.

స్వప్న_మట్టెవాడ (షార్లెట్):
ఇంత చర్చలో ఇల్లు సంగతి ఎవరూ ఎత్తలేదు. మా ఆయన కూడా రీలోడ్ చేస్తారు, ఇంట్లో చిన్న పిల్లలున్నారు. వాడిన ప్రైమర్ల మసిలో సీసం ఉంటుంది. వంటగది బల్ల మీద ప్రెస్ బిగించొద్దు. పని అయ్యాక చేతులు సబ్బుతో కడగందే మంచినీళ్ల గ్లాసు కూడా ముట్టుకోనివ్వను. మందు కంపెనీ డబ్బాలోనే ఉండాలి. భద్రమని బిగుతైన ఇనప్పెట్టెలో దాచొద్దు, నిప్పంటుకుంటే అది బాంబే అవుతుంది. లీజులో పేలుడు సామగ్రి గురించి ఏం రాశారో ముందు చదువుకో తమ్ముడూ.

పవన్_హన్మకొండ (డాలస్):
థ్యాంక్స్ అక్కా, లీజు ఇవాళే చూస్తా. లీ వైపే మొగ్గుతున్నా. .308 గురించి మాత్రం ఎవరూ చెప్పలేదు.

రవి_కరీంనగర్ (ఫీనిక్స్):
.308 కేసు సైజింగ్‌కి (మళ్లీ అసలు కొలతకు నొక్కడానికి) బలం కావాలి, పైగా కేసుకి లూబ్ (జారుడు పూత) రాయాలి. పిస్టల్ కార్బైడ్ డైలకు ఆ బాధ లేదు. తలను తిప్పే లోపలి మెలికల రాడ్ తీసేస్తే లీ కూడా సింగిల్ స్టేజ్‌లాగే పనిచేస్తుంది. మొదటి నెల 9 ఎంఎం కూడా అట్లనే చెయ్.

శేఖర్_కాజీపేట (హ్యూస్టన్):
.308కి రాడ్ తీసెయ్, ఒప్పుకుంటా. 9 ఎంఎంకి ఎందుకు తీయాలి? దాని కోసమే కదా కొనేది!

లేత్_సాంబయ్య (వరంగల్):
ముందు బల్ల సంగతి చూడండయ్యా. పలక ఊగితే ఏ ప్రెస్ పెట్టినా ఒకటే. ప్లైవుడ్ రెండు పొరలు వేసి, బోల్టులు కిందిదాకా దింపి వాషర్ పెట్టి బిగించు. చెక్క స్క్రూలు వద్దు, పట్టు వదిలేస్తాయి.