సీరం సీసా మీద కాస్టిక్ సోడా పేరు ఉంది, వాడొచ్చా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మొటిమల మచ్చలు తగ్గుతాయని నెల కిందట 10 శాతం గ్లైకాలిక్ యాసిడ్ సీరం కొన్నాను. వారానికి రెండు రాత్రులు రాస్తున్నాను. రాశాక ఒకటి రెండు నిమిషాలు చిమచిమలాడి తగ్గిపోతుంది. నిన్న మా మరిది సీసా వెనక ఉన్న పేర్లు చదివి, "వదినా, ఇందులో సోడియం హైడ్రాక్సైడ్ ఉంది. అంటే కాస్టిక్ సోడా, పైపులు మూసుకుపోతే పోసేది" అన్నాడు. అప్పటి నుంచి మా అత్తయ్యకు ఒకటే టెన్షన్. పోనీ జాబితా చివర్లో ఉంటే కొంచెమేలే అనుకునేదాన్ని, ఇది ఐదో పేరు. ఆ చిమచిమ దీనివల్లేనా? సీసా పారేయాలా?

జవాబు:
పారేయకండమ్మా. మీ మరిది చెప్పింది నిజమే, రెండూ ఒకే పదార్థం. కానీ కలిపేటప్పుడు వేసింది వేరు, సీసాలో మిగిలింది వేరు. నేను తొమ్మిదేళ్లు క్రీములు తయారుచేసే ల్యాబ్‌లో పనిచేశాను. ఇలాంటి సీరంలు నా చేత్తో కలిపాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

పీహెచ్ అంటే ఆమ్లమా క్షారమా అని చెప్పే అంకె: 7 కంటే తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. గ్లైకాలిక్ ఆమ్లాన్ని 10 శాతం నీళ్లలో కలిపి అలాగే వదిలేస్తే దాని పీహెచ్ 2 కంటే కిందే ఉంటుంది. అది మొహానికి రాస్తే కాలుతుంది. మన చర్మం పైపొర పీహెచ్ 5కి అటూ ఇటూగా ఉంటుంది. అందుకని సీరాన్ని 3.5, 4 మధ్యకు తీసుకొస్తాం. అమెరికాలో సౌందర్య సాధనాల పదార్థాలను సమీక్షించే నిపుణులు కూడా ఇంట్లో వాడే గ్లైకాలిక్‌కు 10 శాతం మించకూడదని, పీహెచ్ 3.5కి తగ్గకూడదని హద్దు పెట్టారు. ఆ పులుపు తగ్గాలంటే క్షారం కావాలి. పలచని కాస్టిక్ నీళ్లను కొద్దికొద్దిగా పోస్తూ, కలుపుతూ, మీటరు చూస్తూ సరైన చోట ఆపేస్తాం. పోసిన ప్రతి చుక్కా ఆమ్లంతో కలిసి లవణం, నీళ్లు అయిపోతుంది.

ఐదో పేరు ఎందుకయిందో లెక్క చూడండి. 100 గ్రాముల సీరంలో 10 గ్రాముల గ్లైకాలిక్ ఉంటే, పీహెచ్ 3.8 దగ్గరకు రావడానికి సుమారు 2.6 గ్రాముల కాస్టిక్ పడుతుంది. అది తక్కువేమీ కాదు. కానీ అక్కడికి వచ్చేసరికి ఆమ్లంలో సగం మాత్రమే లవణంగా మారింది, మిగతా సగం ఆమ్లంగానే ఉంది. ఇంత ఆమ్లం ఇంకా మిగిలి ఉన్నచోట కాస్టిక్ విడిగా ఉండలేదు. వేసిన పదార్థం కాబట్టి లేబుల్ మీద పేరు వస్తుంది, అంతే. మీకు చిమచిమలాడేది ఆ మిగిలిన ఆమ్లం వల్ల.

అత్తయ్యగారికి నమ్మకం కలగాలంటే పసుపుతో చూపించండి. పారాణికి పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది కదా, ఆ ఎరుపు క్షారం వల్లే. తెల్లగుడ్డకు తడి పసుపు రాసి, ఒకచోట ఒంటి సబ్బు నురగ, ఇంకోచోట ఈ సీరం చుక్క వేయండి. సబ్బు వేసినచోట ఎరుపెక్కుతుంది, సీరం వేసినచోట పసుపుగానే ఉంటుంది. అయితే క్షారం ఉందో లేదో మాత్రమే దీంతో తెలుస్తుంది. పీహెచ్ మూడా ఆరా అనేది పసుపు చెప్పదు.

మరో సభ్యురాలు:
అయితే సబ్బే ఎక్కువ క్షారమన్నమాట! మరి రోజూ రుద్దుకుంటున్నాం కదండీ?

జవాబు:
అవునండీ. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. పీహెచ్ ఒక అంకె పెరిగితే క్షారగుణం పది రెట్లు పెరిగినట్టు. స్నానం చేశాక మొహం బిగుసుకున్నట్టు అనిపించేది అందుకే. వెంటనే కడిగేస్తాం కాబట్టి చాలామందికి చర్మం కొన్ని గంటల్లో తేరుకుంటుంది. పొడిచర్మం, ఎగ్జిమా ఉన్నవాళ్లకు అంత తేలిగ్గా కాదు, వాళ్లు సబ్బు కాని క్లెన్సర్ వాడటం మంచిది.

ఇంకొక సభ్యురాలు:
అక్కా, నేను విటమిన్ సి పొడి నీళ్లలో కలిపి సీరం చేసుకుంటున్నాను. మంట పుడుతోంది. చిటికెడు తినే సోడా వేయొచ్చా? లేదా కాస్టిక్ పలుకులు కొనమంటారా?

జవాబు:
రెండూ వద్దు తల్లీ. ఆ విటమిన్ సి చర్మంలోకి బాగా వెళ్లాలంటే పీహెచ్ 3.5 కంటే తక్కువ ఉండాలి. సోడా వేస్తే మంట తగ్గుతుంది, పనీ తగ్గుతుంది, పైగా త్వరగా పసుపెక్కి పాడవుతుంది. మీటరు లేకుండా చిటికెల లెక్కన సరిచేసేది కాదిది. మంట పుడుతున్నది ఈ రోజే ఆపేయండి. చామనఛాయ చర్మం మీద మంట తగ్గినా నల్లమచ్చ నెలల తరబడి మిగిలిపోతుంది. కాస్టిక్ పలుకులైతే ఇంట్లోకే తేవద్దు. క్షారం కొవ్వునూ మాంసకృత్తులనూ కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. కంట్లో పడితే చూపే పోవచ్చు.

సబ్బులు చేసే సభ్యురాలు:
ఈ మాట నేనూ చెప్పాలి. కొబ్బరినూనె సబ్బు నేర్చుకునే రోజుల్లో కాస్టిక్ నీళ్లు సత్తు గిన్నెలో కలిపాను. బుసబుసా పొంగి, గిన్నె నల్లబడి, ఘాటుకు దగ్గు ఆగలేదు. చేతిమీద పడిన చుక్క మొదట నొప్పే పుట్టలేదు, జారుడుగా మాత్రం అనిపించింది. పట్టించుకోలేదు. ఆ మచ్చ ఇంకా ఉంది.

జవాబు:
ఆ జారుడు మీ చర్మంలోని నూనె సబ్బుగా మారడం. అల్యూమినియంతో కాస్టిక్ కలిస్తే హైడ్రోజన్ పుడుతుంది, దగ్గర్లో మంట ఉంటే అంటుకుంటుంది. సబ్బులు చేసేవాళ్లు స్టీలు గిన్నె లేదా మందపాటి ప్లాస్టిక్ వాడాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. ఎప్పుడూ నీళ్లలో కాస్టిక్ వేయాలి, కాస్టిక్ మీద నీళ్లు పోయకూడదు. 100 గ్రాముల కొబ్బరినూనెకు సుమారు 18 గ్రాములు పడుతుంది, తూకం సరిగ్గా ఉంటే సబ్బులో అది మిగలదు. ఒంటిమీద పడితే కుళాయి కింద కనీసం 20 నిమిషాలు కడగాలి. నిమ్మకాయ, వెనిగర్ రుద్దకండి. కంట్లో పడితే కడుగుతూనే ఆసుపత్రికి బయల్దేరాలి.

ఒంటికి రాసేవాటిలో కాస్టిక్ గురించి భయపడాల్సింది జుట్టు సాఫీ చేసే కొన్ని క్రీముల దగ్గర. వాటిలో అది పులుపు సరిచేయడానికి వేసింది కాదు, అసలు పని చేసేదే అది. యూరప్ చట్టం ఇంట్లో వాడేవాటిలో 2 శాతం, పార్లర్‌లో వాడేవాటిలో 4.5 శాతం దాటనివ్వదు. మాడు మండితే ఇంకో నిమిషం అని ఆగకండి, కడిగించేయండి.

ప్రశ్న అడిగినవారు:
పసుపు గుడ్డ మీద మీరు చెప్పినట్టే అయింది. అత్తయ్య రెండుసార్లు చేయించి చూశారు. సీరం కొనసాగిస్తాను. ఇంకేమైనా జాగ్రత్తలు ఉన్నాయా?

జవాబు:
పగలు సన్‌స్క్రీన్ మానకండి, గ్లైకాలిక్ రాసిన చర్మం ఎండకు త్వరగా కందుతుంది. చిమచిమ పది నిమిషాలు దాటినా, ఎర్రబడినా కడిగేసి చర్మ వైద్యుల్ని కలవండి. ఒకటి అడగాలి. మీ మరిది చెప్పిన ఆ పైపుల్లో పోసే పొడి మీ ఇంట్లో ఉందా? ఎక్కడ పెట్టారు?

ప్రశ్న అడిగినవారు:
సింకు కింద, మూత సగం ఊడిన డబ్బాలో ఉంది. మా బాబుకు రెండేళ్లు. మీరు అడిగాక లేచి వెళ్లి మూత బిగించి, తాళం ఉన్న అలమరలో పెట్టి వచ్చాను.