మిర్చి తొడిమలు తీసే యంత్రానికి పేటెంట్: ప్రొవిజనల్ (తాత్కాలిక దరఖాస్తు) చాలా, నేరుగా కంప్లీట్ (పూర్తి వివరాల దరఖాస్తు) వేయాలా?

లేత్_షెడ్:
ఏటవాలుగా బిగించిన రెండు రోలర్లు, వాటిమీద మురి గాడులు, మధ్యలో 2–3 మి.మీ. సందు. తొడిమ అందులో చిక్కి ఊడుతుంది, కాయ పైనుంచి జారిపోతుంది. వచ్చే నెల కిసాన్ మేళాలో పెట్టొచ్చా? ఖర్చెంత?

చెన్నై_కౌంటర్:
ముందు ఫైలింగ్, తర్వాతే మేళా. జనం ముందు తిప్పి చూపిస్తే పేటెంట్‌కు కావలసిన కొత్తదనం పోయినట్టే. పేటెంట్ చట్టం సెక్షన్ 31లో 12 నెలల వెసులుబాటు ఉంది గానీ, అది కేంద్రం గెజిట్‌లో నోటిఫై చేసిన ప్రదర్శనలకు. మామూలు మేళాకు వర్తించదు. యూట్యూబ్‌లో వీడియో పెట్టి ఉంటే ఇప్పుడు తీసేసినా లాభం లేదు.

ఏపీ, తెలంగాణ రెండూ చెన్నై పేటెంట్ ఆఫీసు కిందికే వస్తాయి, ఆన్‌లైన్‌లోనే వేయొచ్చు. వ్యక్తి పేరు మీదైతే ఫీజు రూ. 1,600. 30 పేజీలు, 10 క్లెయిములు (యంత్రంలో దేనికి హక్కు కోరుతున్నామో చెప్పే వాక్యాలు) దాటితే అదనం. చిన్న సంస్థ పేరు మీదైనా అంతే, కాకపోతే ఉద్యమ్ (చిన్న పరిశ్రమల రిజిస్ట్రేషన్) సర్టిఫికెట్‌తో ఫారం 28 జత చేయాలి. లేదంటే 8,000 పడుతుంది.

రెండో_తేదీ:
ప్రొవిజనల్ అంటే రెండు పేజీలు గీకి ఫైలింగ్ తేదీ పట్టేయడం అనుకుంటారు. దెబ్బ తినేది అక్కడే. ఆ తేదీ అందులో రాసినదానికే దక్కుతుంది. సందు కొలత, వాలు, గాడి లోతు వదిలేసి కంప్లీట్‌లో చేర్చారనుకోండి, వాటికి కంప్లీట్ వేసిన తేదీయే. ఈలోపు మేళా అయిపోతే మీ ప్రదర్శనే మీకు అడ్డొస్తుంది! తెలిసిన కొలతలన్నీ, బొమ్మలతో సహా, ఇప్పుడే పెట్టేయండి. 12 నెలల్లో కంప్లీట్ పడకపోతే అప్లికేషన్ వదులుకున్నట్టే. గడువులో వేస్తే మళ్లీ 1,600 కట్టక్కర్లేదు.

లేత్_షెడ్:
క్లెయిములు నేనే రాసుకోవచ్చా అన్నా?

గీత_గీసినట్టు:
రాసుకోవచ్చు, కానీ కష్టమంతా వాటిలోనే ఉంది. "రెండు రోలర్లతో తొడిమ తీసే యంత్రం" అని రాశారో, పేటెంట్ ఆఫీసు ఎగ్జామినర్ రైస్ మిల్లులో ఊక ఒలిచే రబ్బరు రోల్ షెల్లర్‌ను తెచ్చి పక్కన పెడతారు. అలాగని "2 హెచ్‌పీ మోటారు, 3 మి.మీ. సందు" అని బిగిస్తే పక్క షెడ్డువాడు 4 మి.మీ. పెట్టుకుని దర్జాగా అమ్ముకుంటాడు.

క్లెయిమ్ 1 ఈ దారిలో ఉండాలి: ఏటవాలుగా అమర్చి, ఎదురెదురుగా తిరిగే రెండు రోలర్లు, వాటిపై మురి గాడులు, తొడిమ దూరేంత, కాయ దూరనంత సందు. క్లెయిమ్ 2: క్లెయిమ్ 1లోని యంత్రమే, సందు 2 నుంచి 3 మి.మీ. క్లెయిమ్ 3లో వాలు, 4లో గాడి లోతు. మొదటిది కూలినా వెనకాల ఒకటి నిలుస్తుంది. సెక్షన్ 59 ప్రకారం స్పెసిఫికేషన్‌లో (దరఖాస్తులోని వివరణ పత్రంలో) లేని సంగతి తర్వాత చేర్చలేరు, అందుకే ప్రతి కొలతా వివరణలో ఉండాలి.

బొమ్మల్లో భాగాల పేర్లు రాయొద్దు, నంబర్లే. అబ్‌స్ట్రాక్ట్ (సారాంశం) 150 పదాలు దాటకూడదు.

ఫారం_పద్దెనిమిది:
మామూలుగా అప్లికేషన్ 18 నెలలకు పబ్లిష్ అవుతుంది, తొందరైతే ఫారం 9కి 2,500. పబ్లిష్ అవగానే పేటెంట్ వచ్చిందని ఫ్లెక్సీలు కట్టేవాళ్లున్నారు, వాళ్లను చూసి మోసపోకండి. పరీక్ష జరగాలంటే ఫారం 18 వేరే వేయాలి, ఫీజు 4,000. 2024 సవరణ తర్వాత వేసిన అప్లికేషన్లకు గడువు 48 నెలలు కాదు, 31. అది దాటితే ఫైలు మూతే. మహిళ దరఖాస్తుదారు అయితే 8,000తో ఫారం 18ఏ వేసి త్వరగా పరీక్ష చేయించుకోవచ్చు.

తర్వాత వచ్చే అభ్యంతరాల రిపోర్టుకు 6 నెలల్లో జవాబు. ఫారం 4తో ఇంకో 3 నెలలు దొరుకుతాయి. ఈమెయిల్ స్పామ్‌లో పడి ఈ గడువు పోగొట్టుకునేవాళ్లు ఎందరో.

గీత_గీసినట్టు:
ఆ జవాబులో "మాది వేరు" అంటే సరిపోదు. షెల్లర్ రోలర్లు వేర్వేరు వేగాలతో గింజను రాపాడించి ఊక ఒలుస్తాయి, మీవి తొడిమను కిందికి లాగుతాయి. గాడులున్న రోలర్లతో, నున్నటి రోలర్లతో కిలోకు ఎన్ని కాయలు చిట్లాయో లెక్కగట్టి, ఆ పట్టిక కంప్లీట్‌లోనే పెట్టండి.

లేత్_షెడ్:
మేళాకు ముందే వేస్తా. గ్రాంట్ (పేటెంట్ మంజూరు) అయ్యాక ఏమైనా కట్టాలా?

చెన్నై_కౌంటర్:
పేటెంట్ గడువు ఫైలింగ్ తేదీ నుంచి 20 ఏళ్లు. మూడో ఏడు నుంచి ఆరో ఏడు దాకా ఏటా 800, తర్వాత పెరుగుతుంది. గ్రాంట్ ఆలస్యమైతే అప్పటిదాకా పేరుకున్న ఫీజు, రిజిస్టర్‌లో ఎక్కిన 3 నెలల్లో కట్టాలి. విదేశాల్లోనూ వేసే ఆలోచనుంటే మొదటి ఫైలింగ్ నుంచి 12 నెలల్లోపే పీసీటీ (అంతర్జాతీయ దరఖాస్తు) వేయాలి.