తెలుపు ఎక్కువైతే అది షోవా కాదా?

చెరువుగట్టు:
బంగారు తీగ చేపల్ని చూస్తూ పెరిగినవాణ్ని. వాటి చుట్టాలే కదా అని జపాన్ రంగుల చేపలు, కోయి పెంచుతున్నాను. షోవా అని చెప్పి నాకు అమ్మిన చేప ఒంటి మీద సగానికి పైగా తెలుపే ఉంది. అడిగితే ‘ఇది కిన్‌దై షోవా అండీ, ఇప్పటి రకం’ అన్నారు. షోవా అంటే నల్ల ఒంటి మీద ఎరుపు, తెలుపు అని కదా చదివాం? తెల్ల ఒంటి మీద ఎరుపు, నలుపు ఉంటే అది తైషో సాంకే అవ్వాలి. నన్ను మోసం చేశారా?

నల్లసిరా:
నాదీ మీ మాటే. 1927లో జపాన్‌లోని నీగాతాలో హోషినో జూకిచి, కి ఉత్సురినీ కోహాకునీ జత కలిపి ఈ రకాన్ని సాధించాడు. కోహాకు అంటే తెలుపు మీద ఎరుపు, కి ఉత్సురి అంటే నలుపు మీద పసుపు. నలుపే దీని పుట్టుక. దాన్ని పలచన చేసి, తెలుపు పెంచి, పాత పేరే పెట్టుకోవడం నాకు మింగుడుపడదు.

పొలుసు:
నల్లసిరా గారూ, ఆ మొదటి షోవాల ఎరుపు అసలు ఎరుపే కాదు, పసుపు కలిసిన నారింజ. కోహాకులతో మళ్లీ కలిపితే గానీ ఇప్పటి ముదురు ఎరుపు రాలేదు. ఆ మార్పును ఒప్పుకుని తెలుపు దగ్గర మాత్రం వద్దంటే ఎలా? పేరులోనూ నలుపు లేదు. షోవా సన్‌షోకు అంటే షోవా చక్రవర్తి కాలంనాటి మూడు రంగులది, అంతే.

చెరువుగట్టు గారూ, చేపను నీళ్లతో సహా బేసిన్‌లోకి తీసి పైనుంచి చూడండి. సాంకేకు తల మీద నలుపు ఉండదు. వీపు మీద మచ్చలుగా ఆగిపోతుంది, పొట్ట వైపు దిగదు. రెక్కల్లో ఉంటే సన్నటి చారలే. షోవాకు నలుపు తల మీదుగా పాకుతుంది, పక్కల నుంచి కిందికి చుట్టుకుంటుంది. మొప్పల వెనక రెక్కలు ఒంటికి అతుక్కునే చోట సిరా ఒలికినట్టు ముద్దగా ఉంటుంది. దాన్నే మోతోగురో అంటారు.

ఇంకో సంగతి. షోవా గుడ్లు పగిలిన కొద్ది రోజులకే పెంపకందారులు నల్ల పిల్లల్ని ఉంచి మిగతావాటిని ఏరేస్తారు. ఎరుపు, తెలుపు తర్వాత తేలతాయి. మీది షోవాయే అయితే, నల్లగా పుట్టబట్టే మీ దాకా వచ్చింది.

చెరువుగట్టు:
ఇప్పుడే చూశాను. ఎడమ కంటి మీదుగా ముక్కు దాకా నల్ల చార ఉంది. రెండు రెక్కల మొదట్లోనూ బొటనవేలితో అద్దినట్టు నలుపు. అమ్మినతన్ని అనవసరంగా అనుమానించాను.

నల్లసిరా:
అయితే షోవాయే, ఒప్పుకుంటాను. కానీ పాత తరహాదాన్నీ దీన్నీ పక్కపక్కన వదిలితే నా కళ్లు మాత్రం ఆ నల్లదాని వెంటే పోతాయి.