భయభక్తులు అంటే దేవుడికి భయపడటమేనా? తెలిసినవాళ్లు చెప్పండి

అందరికీ వందనాలు. మా అమ్మ చర్చి గుమ్మం దగ్గరే చెప్పులు విప్పి, కొంగు తలమీద కప్పుకుని, మోకాళ్ల నొప్పులున్నా చాప మీద మోకరించే ప్రార్థన చేస్తుంది. నాన్నకి పక్షవాతం వచ్చి ఎనిమిది నెలలైంది, కుడి చెయ్యి ఇంకా లేవట్లేదు. మొన్న ఇంటికి ప్రార్థనకి వచ్చిన ఒక పెద్దాయన, విశ్వాసం చాలకే స్వస్థత రాలేదని అమ్మ ముఖం మీదే అనేశాడు. అప్పటినుంచి అమ్మ సరిగ్గా తినట్లేదు, తన వల్లే దేవుడికి కోపం వచ్చిందని ఒకటే టెన్షన్. (నాకైతే ఆ పెద్దాయన మీదే కోపం.)

సామెతలు 9:10లో జ్ఞానానికి మూలం భయభక్తులే అని ఉంది, 1 యోహాను 4:18 చూస్తేనేమో పరిపూర్ణమైన ప్రేమ భయాన్ని వెళ్లగొడుతుందని ఉంది, మరి ఈ రెండు చోట్లా భయం ఒకటేనా? మార్కు 9లో కొడుకుని తెచ్చిన తండ్రి, నమ్ముతున్నాను గానీ నా అపనమ్మకం తీసెయ్యమని వేడుకున్నాడు, అయినా యేసు పిల్లాణ్ణి బాగుచేశాడు కదా. అపొస్తలుడు పౌలు తన ముల్లు (ఒంట్లో ముల్లులా ఉన్న బాధ) తీసెయ్యమని ప్రభువుని మూడుసార్లు అడిగినా తియ్యలేదు, ఆయనకీ విశ్వాసం చాలలేదంటారా?

అమ్మకి చదవడం రాదు. రాత్రి ప్రార్థనలో ఆమెకి ఏ వాక్యం చదివి వినిపించాలో, ఇలాంటిది దాటి వచ్చినవాళ్లు కాస్త చెప్పండి. పెద్ద ప్రసంగాలు మాత్రం వద్దు, ప్లీజ్.