పిల్లాడికి పులివేషం: కాగితం ముఖం పగలకుండా, బూజు పట్టకుండా చెయ్యడం ఎలాగ?

బరంపురం_దేరావీధి:
అందరికీ నమస్కారం. మా బరంపురంలో వచ్చే ఠాకురాణి యాత్రకి, అంటే అమ్మవారి జాతరకి, మా బాబుకి పులివేషం మొక్కు ఉంది. వాడికి తొమ్మిదేళ్లు. పెద్దవాళ్లకి పూసినట్టు ఒంటినిండా రంగు పూయించడం మాకిష్టం లేదు. పసుపు బనియను, ఫేంటు మీద నల్ల చారలు వేసి, ముఖం, తోక ఇంట్లోనే చేద్దామనుకుంటున్నాం. బజారులో దొరికే ప్లాస్టిక్ ముఖాలకి కంటి బెజ్జాలు చిన్నవి, లోపల ఊపిరాడదు.

అడగాల్సినవి ఇవి. ముఖం కాగితం గుజ్జుతో చెయ్యాలా, కాగితం ముక్కలు అంటించి చెయ్యాలా? ఇక్కడి సముద్రపు గాలికి ఏదీ తొందరగా ఆరదు, మరి బూజు పట్టకుండా ఏం కలపాలి? బనియను మీద చారలు సాగినప్పుడు పగలకుండా ఏ రంగు వాడాలి? పసుపుతో అద్దితే నిలుస్తుందా?

పర్లాకిమిడి_అట్టబొమ్మ:
అమ్మా, ముఖమంతా గుజ్జుతో చెయ్యకండి. గుజ్జులో నీరెక్కువ, ఆరేటప్పుడు బాగా కుంచించుకుపోతుంది. మందంగా పెడితే పైన ఆరి, లోపల తడి ఉండిపోతుంది. పగులు, బూజు రెండూ అక్కడే మొదలవుతాయి. ముఖానికి కాగితం పొరలే వెయ్యండి, గుజ్జు కనుబొమలకీ ముక్కుకీ బుగ్గలకీ ఉంచుకోండి.

ముందు అచ్చు. చెక్క మీద పాత అల్యూమినియం గిన్నె బోర్లించి, దానిమీద రెండు మూడు కిలోల కుమ్మరి మట్టితో పులిముఖం దిద్దండి. గిన్నె ఉంటే మట్టి తక్కువ పడుతుంది. బాబు ముఖాన్ని నుదుటి నుంచి గడ్డం దాకా, ఒక చెవి దగ్గర నుంచి ముక్కు మీదుగా రెండో చెవి దాకా టేపుతో కొలిచి, అన్నివైపులా ఒకటిన్నర సెంటీమీటరు పెంచుకోండి. లోపల స్పాంజి పడుతుంది, కాగితం కూడా ఆరాక కొంచెం బిగుసుకుంటుంది. చెవులు, తెరిచిన కింది దవడ మట్టిలో చెయ్యొద్దు. లోపలికి వంపు తిరిగిన చోటల్లా కాగితం పట్టేసి అచ్చు నుంచి ఊడిరాదు. చెవులు తర్వాత అట్టతో కోసి అంటించుకోవచ్చు.

మట్టి మీద పల్చని ప్లాస్టిక్ కవరు ముడతల్లేకుండా కప్పండి. కాగితం అంటుకోకుండా ఉండటానికే కాదు, మట్టి తడి ఆరిపోకుండా ఉండటానికి కూడా. కాగితం ఆరేలోగా మట్టి ఆరి బీటలు తీస్తే ముఖం వంకరపోతుంది.

లై, అంటే మైదా జిగురు, ఇలా కాయండి. ఒక కప్పు మైదాని ఒక కప్పు చన్నీళ్లలో ఉండల్లేకుండా కలపండి. వేరే గిన్నెలో నాలుగు కప్పుల నీళ్లు మరుగుతుండగా దాన్ని సన్నగా పోస్తూ కలపాలి. సన్నని మంట మీద మూడు నాలుగు నిమిషాలు ఉంచితే తెల్లదనం పోయి నిగనిగలాడుతుంది. దించి ఒక చెంచా పటిక పొడి కలిపి, చల్లారాక వడకట్టండి. పల్చని గంజిలా ఉండాలి. చిక్కబడితే వేణ్నీళ్లు కలుపుకోవచ్చు. పుల్లటి వాసన వస్తే పారబొయ్యండి, మళ్లీ కాచి వాడొద్దు.

కాగితాన్ని కత్తెరతో కొయ్యకుండా చేత్తో చింపండి. చింపిన అంచులో పీచు ఉంటుంది, పక్క ముక్కతో కలిసిపోతుంది. కోసిన అంచు గీతలా కనబడుతుంది, తర్వాత అక్కడే లేస్తుంది. నున్నటి చోట 3 సెంటీమీటర్ల వెడల్పు, ముక్కు దగ్గర 1 సెంటీమీటరు చాలు. మొదటి పొర ఉత్త నీళ్లలో తడిపి వెయ్యండి. రెండో పొర నుంచి లై. ఒక పొర న్యూస్ పేపరు, తర్వాతది గోధుమరంగు ప్యాకింగు కాగితం, మళ్లీ న్యూస్ పేపరు. రంగు తేడా వల్ల ఎక్కడ పొర తప్పిందో కంటికి తెలుస్తుంది. చిన్నపిల్లాడికి ఆరు పొరలు సరిపోతాయి. రెండేసి పొరలకి ఒకసారి ఆరనివ్వాలి. ఒక్కరోజే ఆరూ వేసేస్తే లోపలి తడి బయటికి రాదు, వాసన మొదలవుతుంది.

ఎండలో పెట్టకండి. పైపొర ముందు బిగుసుకుని అంచులు లేస్తాయి. నీడలో ఫ్యాను గాలికి పెట్టండి. ఆరిందో లేదో చేత్తో చూస్తే తెలియదు, చెంపకి ఆనించండి. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే. పూర్తిగా ఆరకుండా అచ్చు మీద నుంచి తియ్యొద్దు, తీశాక లోపలి వైపు కూడా ఫ్యాను తగలాలి.

గుజ్జుకి న్యూస్ పేపరు ముక్కలు రాత్రంతా నానబెట్టి రుబ్బి, గుడ్డలో గట్టిగా పిండండి. పిండిన గుజ్జు రెండు కప్పులకి సుద్దపొడి అరకప్పు, ఫెవికాల్ పావుకప్పు. వేలితో నొక్కితే నీరు రాకూడదు, అంచు విడిపోకూడదు. అర సెంటీమీటరు కంటే మందం పెట్టొద్దు. ఎత్తు ఇంకా కావాలంటే లోపల కాగితం ఉండ పెట్టి, పైన గుజ్జు పొర వెయ్యండి.

జయపురం_రంగులు:
పైన చెప్పినదంతా సరే. నేరుగా కాగితం మీద రంగు వేస్తే న్యూస్ పేపరు అక్షరాలు కనబడతాయి, రంగు కూడా పీల్చేస్తుంది. ముందు సుద్దపూత వెయ్యండి. ఒడిశా పట్టచిత్రాలకి (గుడ్డ మీద వేసే బొమ్మలు) గుడ్డ తయారుచేసేటప్పుడు చింతపిక్కల జిగురు, సుద్ద పూసి, ఆరాక రాయితో రుద్ది నునుపు చేస్తారు కదా, మన గంజపా పేకలకీ (చేత్తో బొమ్మలేసిన గుండ్రటి పేకముక్కలు) దాదాపు అదే పద్ధతి. కాగితం ముఖానికి కూడా అంత బాగా పనిచేసేది ఇంకోటి లేదు.

చింతపిక్కలు వేయించి, పైతొక్క తీసి, రాత్రంతా నానబెట్టి మెత్తగా రుబ్బండి. ఆ ముద్ద ఒక కప్పుకి ఎనిమిది కప్పుల నీళ్లు పోసి, అడుగంటకుండా కలుపుతూ ఉడికించి వడకట్టండి. ఆ జిగురులో జల్లించిన సుద్దపొడి కుంచెకి అందేంత పల్చగా కలిపి రెండు పూతలు వెయ్యండి, ఒకటి అడ్డంగా, ఆరాక రెండోది నిలువుగా. తర్వాత 120 నంబరు ఎమరీ పేపరుతో తేలిగ్గా రుద్దాలి. చేతికి తెల్లపొడి అంటుకుంటే జిగురు చాలలేదు. మెరుస్తూ సన్నని నెరియలు కనబడితే జిగురెక్కువైంది. ముందు అట్టముక్క మీద వేసి చూసుకోండి. మందంగా ఒక్క పూతే వేస్తే ముఖం కొంచెం వంగగానే పెచ్చులూడుతుంది. మన వేడికి ఈ జిగురు మర్నాటికే చెడుతుంది, ఏ రోజుది ఆ రోజు కాచుకోవాలి.

పోస్టరు కలర్లు చెమట తగిలితే కారిపోతాయి, అక్రిలిక్ వాడండి. పసుపులో ఎరుపు బొట్లు బొట్లుగా కలపాలి, ఎరుపు చప్పున మింగేస్తుంది. కళ్ల పైన, మూతి చుట్టూ, గడ్డం తెలుపు. నల్లగీతలు అన్నిటికంటే ఆఖరున. నుదుటి మీద గీతలు మధ్య నుంచి పక్కలకి సన్నబడుతూ పోతేనే పులి కళ వస్తుంది, ఒకే మందంగా గీస్తే రాదు.

ముఖ్యమైన మాట ఇంకొకటి. అందరూ పైన వార్నిషు వేసి లోపల వదిలేస్తారు. చెమట వచ్చేది లోపలి నుంచే కదా! మైదా తడికి మెత్తబడి పొరలు విడిపోతాయి. అంచుని కాగితం ముక్కలతో లోపలికి మడిచి అంటించి, లోపల అక్రిలిక్ వార్నిషు రెండు పూతలు వేసి, పైన మెత్తటి నూలుగుడ్డ అంటించండి. వార్నిషు వాసన పూర్తిగా పోయేదాకా, కనీసం రెండు మూడు రోజులు, బాబుకి పెట్టొద్దు.

బరంపురం_దేరావీధి:
చాలా వివరంగా చెప్పారు, ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక అనుమానం. బూజు, పురుగు రాకుండా లైలో మైలుతుత్తం కలపమని ఇక్కడ ఒకాయన అన్నారు. ఎంత కలపాలి?

పర్లాకిమిడి_అట్టబొమ్మ:
అస్సలు కలపొద్దమ్మా. అది విషం. నోటికీ ముక్కుకీ ఆనే వస్తువు, చెమటతో తడుస్తుంది కూడా. గోడలకి కాగితం అంటించే రెడీమేడ్ జిగుర్లు కూడా వద్దు, వాటిలో చాలావాటికి బూజు మందు కలుపుతారు. పటిక చాలు, ఇంకా కావాలంటే రెండు చుక్కల లవంగనూనె. అసలు మందు ఆరబెట్టడమే. పొర పొరకీ ఆరితే బూజు రాదు. బొద్దింకలు, ఎలుకలు మాత్రం మైదా కోసం వస్తాయి, రాత్రిపూట ఎత్తుగా వేలాడదీయండి. ప్లాస్టిక్ కవరులో కట్టి దాచొద్దు, లోపల చెమ్మ పడుతుంది.

గుణుపురం_మిషను:
బట్టల సంగతి నేను చెప్తాను. ఏటంటే, పసుపుతో అద్దిన గుడ్డ ఎండకి వెలిసిపోతుంది, సబ్బు తగిలితే ఎర్రబడుతుంది, చెమటకి ఒంటికి అంటుతుంది. బట్టల రంగు పొట్లం కొనుక్కోండి. నూలుకి పనికొచ్చేదా కాదా అడిగి తీసుకోండి, పాలిస్టరు కలిసిన బనియనుకి ఆ రంగు సరిగ్గా పట్టదు. ఎలాగూ ఎండాకాలం యాత్ర, పాలిస్టరూ బొచ్చుగుడ్డా రెండూ వద్దు. పొడుగు చేతుల నూలు బనియను ఒక సైజు పెద్దది తీసుకుని, ముందు వేణ్నీళ్లలో సబ్బుతో ఉతకండి. గంజి పోకపోతే రంగు మచ్చలు మచ్చలుగా పడుతుంది.

చారలకి ఫ్యాబ్రిక్ కలరు. పగలడానికి కారణం రంగు మందం, ఇంకా బనియను సాగదీయకుండా వెయ్యడం. బాబుకి తొడిగించి నిలబెట్టి సుద్దముక్కతో చారలు గుర్తు పెట్టండి. తర్వాత విప్పి, అతని ఒంటి వెడల్పున కోసిన అట్ట లోపల దూర్చండి. గుడ్డ కొంచెం బిగువుగా నిలవాలి, రంగు రెండోవైపు దిగదు కూడా. రంగు గట్టిగా ఉంటే నీళ్లు కాదు, దాని మీడియమే (ఆ రంగుని పల్చన చెయ్యడానికి అమ్మే ద్రవం) కలపండి. నీళ్లు కలిపితే అంచులు పాకిపోతాయి. చారలు ఒంటి చుట్టూ అడ్డంగా ఉండాలి, వెన్ను మీద రెండున్నర మూడు సెంటీమీటర్లు, పక్కలకి వచ్చేసరికి మొన తేలాలి. పొట్ట మీద కలవకూడదు, అక్కడ తెల్లగుడ్డ అతుకు వెయ్యొచ్చు. ఒకరోజు ఆరాక తిరగేసి, పైన పల్చని గుడ్డ పరిచి ఇస్త్రీ చెయ్యండి. మూడు రోజులదాకా ఉతకొద్దు.

తోకకి ఇనుప తీగ పెట్టకండి, మొన బయటికొస్తే పక్కపిల్లల కంట్లో పొడుచుకుంటుంది. బొటనవేలంత లావు కొబ్బరితాడుకి పాత నూలుచీర పేలికలు చుట్టి, పసుపుగుడ్డ గొట్టంలోకి ఎక్కించండి. నిలబడితే నేలకి ఒక జానెడు పైన ఆగాలి, లేకపోతే గుంపులో తొక్కుతారు. ఫేంటుకి కుట్టొద్దు, బరువుకి ఫేంటు జారుతుంది. 5 సెంటీమీటర్ల వెడల్పు నూలు బెల్టుకి వెల్క్రోతో అంటించండి. ఎవరైనా లాగితే తోక ఊడి చేతికొస్తుంది, పిల్లాడు పడడు.

రాయగడ_వేషాలు:
నాదొక భేదాభిప్రాయం. తొమ్మిదేళ్ల పిల్లాడికి ముఖం మూసే వేషం ఎందుకు? పులితల టోపీగా నుదుటి మీద కూర్చోబెట్టి, పై దవడ కింద నుంచి వాడి ముఖం కనబడేట్టు చేస్తే గాలీ చూపూ రెండూ దక్కుతాయి. కాగితం పని అదే, అచ్చు పైసగానికి చేస్తే చాలు. లోపల పాత టోపీ అంటించండి.

మొక్కు కాబట్టి ముఖం మూయాల్సిందే అంటే, పై పెదవి దగ్గర ఆపేయండి, గడ్డం ఖాళీగా వదలండి. కంటి బెజ్జం కనీసం 4 సెంటీమీటర్లు ఉండాలి, వెనక నల్ల దోమతెర అంటిస్తే బయటికి కళ్లు కనబడవు, లోపల నుంచి వీధి కనబడుతుంది. రాత్రిపూట మాత్రం తెర తీసెయ్యండి, వెలుతురు తక్కువలో మెట్టూ గుంటా తెలియవు. నుదుటి దగ్గరా రెండు బుగ్గల దగ్గరా ఒక సెంటీమీటరు స్పాంజి ముక్కలు పెడితే ముఖానికీ కాగితానికీ మధ్య గాలి ఆడుతుంది. ఎలాస్టిక్ రెండు వైపులే కడితే ముఖం కిందకి జారి కళ్లు మూసుకుపోతాయి. నడినెత్తి మీదుగా మూడో పట్టీ ఉండాలి. మీసాలకి చీపురుపుల్లలు వద్దు, చేపలు పట్టే నైలాను దారం వాడి చివర జిగురు బొట్టు పెట్టండి.

యాత్రకి ముందు అన్నీ తొడిగించి ఇంట్లో ఒక అరగంట గెంతనివ్వండి. ఎక్కడ ఒరుసుకుంటుందో అప్పుడే తెలుస్తుంది. ఊరేగింపులో బాణసంచాకీ దీపాలకీ దూరంగా నడిపించండి, కాగితం, పీచు రెండూ చప్పున అంటుకుంటాయి. వెంట ఒకరు నీళ్ల సీసా, కత్తెర పట్టుకుని ఉండాలి. ముడి పడితే పట్టీ కత్తిరించి ముఖం తీసెయ్యడమే, విప్పుతూ కూర్చోకండి.