ఎకనామిక్స్ పీహెచ్‌డీ: ఈ డిసెంబరులోనే అప్లై చేయనా, ఇంకో ఏడాది ఆగనా?

కనిష్ఠవర్గం:

ఎకనామిక్స్‌లో ఎంఏ అయ్యి నాలుగేళ్లు. అప్పట్నుంచీ ఒక బ్యాంకులో క్రెడిట్ రిస్క్ టీంలో ఉన్నాను. ఎవరు అప్పు ఎగ్గొడతారో పగలు లెక్క కడతాను. ఎందుకు ఎగ్గొడతారో రాత్రిళ్లు పేపర్లు చదువుతాను. ఈ రెండోదే జీతమొచ్చే పనైతే ఎంత బాగుండు అనిపించి పీహెచ్‌డీ వైపు చూస్తున్నాను. అమెరికా ప్రోగ్రాముల డెడ్‌లైన్లు చాలావరకు డిసెంబరు మొదటి సగంలోనే ఉన్నాయి. అంటే నా చేతిలో ఉన్నది పది వారాలు.

జీఆర్‌ఈ ప్రవేశ పరీక్ష గణిత విభాగం (క్వాంట్)లో 170కి 168 వచ్చింది. ఎంఏలో ఎకనోమెట్రిక్స్‌లో (ఆర్థిక డేటాకి వాడే గణాంకాలు) క్లాస్ ఫస్ట్, మైక్రో కూడా బాగానే చేశాను. లీనియర్ ఆల్జీబ్రా, మల్టీవేరియబుల్ కాల్‌క్యులస్ చదివాను కానీ రియల్ ఎనాలిసిస్ (కాల్‌క్యులస్‌ని ప్రూఫులతో నేర్పే కోర్సు) చదవలేదు. సిఫార్సు లెటర్లు మూడు కావాలి. థీసిస్ గైడ్ ఒప్పుకున్నారు, ఎకనోమెట్రిక్స్ మేడం ఒప్పుకున్నారు. మూడోదాని దగ్గరే ఆగిపోయాను. మా మేనేజర్ అయితే ఆకాశానికెత్తి రాస్తానంటున్నారు. మాక్రో చెప్పిన సారేమో "నువ్వే రాసి పంపు, నేను అప్‌లోడ్ చేస్తా" అన్నారు. ఎవర్ని పెట్టుకోమంటారు?

పీహెచ్‌డీ ఎందుకు చేయాలనుకుంటున్నానో చెప్పే స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్ కూడా మొదలుపెట్టాను. "పేదరికం ఎందుకుంది అనే ప్రశ్న చిన్నప్పట్నుంచీ నన్ను వెంటాడేది" అన్న వాక్యం దగ్గరే మూడు రోజులుగా కూర్చున్నాను. నిజానికి చిన్నప్పుడు నన్ను వెంటాడింది లెక్కల హోంవర్కే.

అవశేషం:

ముందు ఆ వాక్యం కొట్టేయండి. నేనూ అలాంటిదే రాశాను, 14 చోట్లకు పంపాను, 14 చోట్లా రాలేదు. ఫిబ్రవరి మొదటి వారంలో మొదటి మెయిల్, మార్చి చివర్లో ఆఖరిది. ఇప్పుడు నాలుగో ఏడాది పీహెచ్‌డీలో ఉన్నాను కాబట్టి నవ్వుతూ చెప్పగలుగుతున్నాను.

మీ మార్కులు నావాటికంటే నయం. నా ఫైల్లో తేడా కొట్టింది లెటర్ల దగ్గరే. ఒకరు క్లాసు చెప్పిన ప్రొఫెసర్, ఇంకొకరు ఇంకో క్లాసు చెప్పిన ప్రొఫెసర్, మూడో ఆయన ఆఫీసులో బాసు. ముగ్గురూ నన్ను తెగ పొగిడారనే నా నమ్మకం. తర్వాత ప్రీడాక్‌లో (అదేమిటో కింద చెప్తాను) చేరాక మా ప్రొఫెసర్‌కి నా పాత అప్లికేషన్ మొత్తం చూపించాను. లెటర్లలో ఏముందో నాకు తెలియదు, ఎవరు రాశారో చెప్పానంతే. ఆయన రెండు నిమిషాలు చూసి, "నువ్వు పరీక్ష రాయగలవని చెప్పేవాళ్లు ఇద్దరున్నారు. టైముకి ఆఫీసుకొస్తావని చెప్పేవాళ్లు ఒకరున్నారు. నీకు పరిశోధన వచ్చని చెప్పే మనిషేడీ?" అన్నారు.

మీ మేనేజర్ ఎంత మనస్ఫూర్తిగా రాసినా ఇదే చిక్కు. ఆ లెటర్ చదివే కమిటీకి కావాల్సింది పోలిక. ఇదివరకు నా దగ్గర పనిచేసి ఫలానా ప్రోగ్రాంకి వెళ్లినవాళ్లతో ఈ అభ్యర్థి సమానం అని రాసే మనిషి కావాలి. మేనేజర్ దగ్గర ఆ కొలబద్ద ఉండదు. ఇక నువ్వే రాసుకో అన్న సార్ సంగతి వదిలేయండి. అది నిజాయతీ లేని పని, పైగా మీ స్టేట్‌మెంటూ ఆ లెటరూ ఒకే చేత్తో రాసినట్టు ఇట్టే తెలిసిపోతుంది.

ఎనాలిసిస్ గురించి. క్వాంట్‌లో అడిగేది స్కూలు లెక్కలే. 168 ఉంటే మిమ్మల్ని మొదటి వడపోతలో పక్కన పెట్టరు, అంతకుమించి దానివల్ల ఒరిగేదేమీ లేదు. మొదటి ఏడాది మైక్రోలో సమతౌల్యం అసలు ఉంటుందా అని నిరూపించడానికి కకుటాని స్థిరబిందు సిద్ధాంతం వస్తుంది. మాక్రోలో బెల్మన్ సమీకరణానికి ఒకే పరిష్కారం ఉందని చూపించడానికి కాంట్రాక్షన్ మ్యాపింగ్ వస్తుంది. ఈ రెండిట్లోనూ కాంపాక్ట్ సెట్ అంటే ఏమిటో తెలియకుండా కూర్చుంటే క్లాసు మీ తల మీదుగా వెళ్లిపోతుంది, ఆ ఏడాది చివర్లోనేమో క్వాలిఫయింగ్ పరీక్షలు, పీహెచ్‌డీలో కొనసాగాలంటే అవి పాసవ్వాలి. కమిటీ వాళ్లు ట్రాన్‌స్క్రిప్ట్‌లో ఆ కోర్సు కోసం వెతికేది కూడా మీకు ప్రూఫులు రాయడం వచ్చా రాదా అని తెలుసుకోవడానికే. ఇంట్లో చదువుకున్నానంటే కుదరదు, గ్రేడు కనపడాలి. నేను సాయంత్రం క్లాసులో చేరాను. ఎప్సిలాన్, డెల్టాలతో మొదటి నెలంతా ఏడుపే. ఆరో వారంలో ఒకరోజు ప్రూఫు నా అంతట నాకే వచ్చింది, ఆ కాగితం ఇప్పటికీ దాచుకున్నాను.

ప్రీడాక్ అంటే ఒక ప్రొఫెసర్ దగ్గర ఏడాదో రెండేళ్లో జీతానికి రీసెర్చ్ అసిస్టెంట్‌గా ఉండటం. పేరు గొప్పే గానీ చేసేది డేటా తుడవడం. నేను చేరిన కొత్తల్లో ఒక సర్వేలో ఆదాయాల సగటు ఎంతకీ పొంతన కుదరలేదు. మూడు వారాలు తల బాదుకున్నాక తేలింది, జవాబు చెప్పనివాళ్ల ఆదాయాన్ని మైనస్ 99 అని కొట్టారు, మా కోడు దాన్ని నిజం ఆదాయంగా కలిపేస్తోంది. దానివల్ల పేపర్లో రెండు పట్టికలు మారిపోయాయి. మళ్లీ అప్లై చేసి, ఒకచోట సీటొచ్చి, మార్చిలో చూడ్డానికి వెళ్తే అక్కడి ప్రొఫెసర్ ఒకాయన నా పేరు వినగానే "మైనస్ 99 అమ్మాయివి నువ్వేనా?" అన్నారు. లెటర్‌లో ఏం రాశారో నాకు అప్పుడర్థమైంది.

కాబట్టి నా ఓటు ఆగమనే.

వెయిటింగ్_లిస్ట్_వీరుడు:

అవశేషం గారు చెప్పింది కాదనను. కానీ నాలుగైదు చోట్లకైతే ఈ ఏడాదే పెట్టేయొచ్చు. ఈసారి రాకపోయినంత మాత్రాన వచ్చేసారి మీ ఫైలు పక్కన పడేయరు. లెటర్లు రాసేవాళ్లని మాత్రం రెండేళ్లు వరసగా అడగాల్సొస్తుంది, ఆ మొహమాటం మీరు పడగలిగితే సరే.

యూరప్ కూడా చూడండి. లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో ఎంరెస్ (రీసెర్చ్ మాస్టర్స్), పీహెచ్‌డీ కలిపే ఉంటాయి. నెదర్లాండ్స్‌లోని టిల్‌బర్గ్‌లో రెండేళ్ల రీసెర్చ్ మాస్టర్స్ చేసి పీహెచ్‌డీలోకి వెళ్లొచ్చు. మీ గణితం లోటు పూడ్చుకోవడానికీ, కొత్త ప్రొఫెసర్ల లెటర్లకీ ఆ మాస్టర్సే పనికొస్తుంది. అమెరికాలోనైతే మీ ఎంఏ వల్ల సాధారణంగా ఏడాది తగ్గదు, కోర్సువర్క్ మళ్లీ మొదట్నుంచే.

ఇంకో మాట. ఫండింగ్ లేకుండా సీటిస్తామంటే వెళ్లకండి. ఫీజు మాఫీ, స్టైపెండ్ ఇచ్చే చోట్లే చూసుకోండి. వాటికి జవాబు చెప్పడానికి చాలా యూనివర్సిటీలు ఏప్రిల్ 15 దాకా టైమిస్తాయి. అందుకే వెయిటింగ్ లిస్టులు ఆఖరి రెండు రోజుల్లో కదులుతాయి. నాకు 14వ తారీకు రాత్రి మెయిలొచ్చింది. అప్పటికి ఇంట్లో వాళ్లకి "రాలేదు" అని చెప్పేశాను కూడా.

సగంలో_దిగినవాడు:

నేను రెండో ఏడాది చివర్లో మాస్టర్స్ పట్టా తీసుకుని బయటికొచ్చేశాను. క్వాలిఫయర్లు పాసయ్యాను, ఫెయిలై రాలేదు. ఆ తర్వాత "ఇక నీ ప్రశ్న నువ్వు వెతుక్కో" అన్నారు. ఏడు నెలలు వెతికాను, నా దగ్గర లేదు. పేపర్లు చదవడమంటే ఇష్టం వేరు, రాయడం వేరు అని అంతదాకా వెళ్తే గానీ తెలియలేదు. ఐదారేళ్ల పని ఇది.

అందుకే అడుగుతున్నా, ఏమీ అనుకోకండి. నాలుగేళ్లుగా అప్పుల డేటాలో ఉన్నారు. మీకంటూ ఒక ప్రశ్న తట్టిందా?

కనిష్ఠవర్గం:

తట్టింది. ఇది థీసిస్ స్థాయిదో కాదో తెలియదు. మా దగ్గర నెలవారీ వాయిదా (ఈఎంఐ) కట్టే తేదీ అప్పు మంజూరైన తేదీని బట్టి పడుతుంది. 3న మంజూరైతే ప్రతినెలా 3నే. జీతం వచ్చే రోజుకి ముందు వాయిదా పడ్డవాళ్లు, తర్వాత పడ్డవాళ్లకంటే ఎక్కువగా తప్పుతున్నారు. జీతం అంతే, అప్పూ అంతే. డబ్బు లేక కట్టలేదా, చేతిలో ఉన్నప్పుడు అడగక కట్టలేదా అని ఆలోచిస్తుంటాను. టీంలో చెబితే "తేదీ మార్చేస్తే సరిపోతుందిగా" అన్నారు.

సగంలో_దిగినవాడు:

ఇది పెట్టుకుని చిన్నప్పటి పేదరికం గురించి రాస్తున్నారా!

అవశేషం:

స్టేట్‌మెంట్ మొదటి పేరా ఇదే. తేదీ ఇంచుమించు యాదృచ్ఛికంగా పడుతోందంటున్నారు, అలాంటిది దొరక్క మేం ఏళ్లు గడుపుతాం. మంజూరు తేదీని కస్టమరే ఎంచుకునే వీలుందా అన్నది మాత్రం ముందు చూసుకోండి. ఎంచుకోగలిగితే జాగ్రత్తపరులంతా ఒకవైపు చేరతారు, అప్పుడు మీరు చూస్తున్నది తేదీ ప్రభావం కాదు, మనిషి స్వభావం. ఇంకొకటి, బ్యాంకు డేటా రాతపూర్వక అనుమతి లేకుండా బయటికి తేకండి. అప్లికేషన్‌లో అంకెలు అక్కర్లేదు, ప్రశ్న రాస్తే చాలు.

కనిష్ఠవర్గం (పది రోజుల తర్వాత):

మంజూరు తేదీ కొంతవరకు కస్టమర్ చేతిలోనే ఉందని తేలింది అక్కా. బ్రాంచిలో మాట్లాడితే రెండు మూడు రోజులు జరుపుతారట. కాస్త నీరసం వచ్చింది. కానీ ఫైలు ఆలస్యమై తేదీ దానంతటది జరిగిన కేసులు విడిగా ఉన్నాయి, వాటిని తీయొచ్చేమో చూస్తున్నాను. జనవరి నుంచి ఎనాలిసిస్ సాయంత్రం క్లాసుకి పేరిచ్చాను. ఈ డిసెంబరులో రెండు యూరప్ మాస్టర్స్‌కీ, ఆరు ప్రీడాక్‌లకీ పెడుతున్నాను, పీహెచ్‌డీకి మాత్రం ఈసారి పెట్టడం లేదు. మేనేజర్ గారికి వద్దని చెబితే కొంచెం చిన్నబుచ్చుకున్నారు. ప్రీడాక్‌లో ఒకచోట అప్పుడే డేటా టెస్ట్ పంపారు, ఆరు గంటల్లో ఇచ్చేయాలట. ఎక్కడ మొదలుపెట్టాలి?

అవశేషం:

మైనస్ 99లు ఉన్నాయేమో చూడండి.